తిరుగు వేళ

గూడూరులో ఏ మూల నుంచి సైకిలెక్కినా కాసేపట్లో తారురోడ్డు వదిలేయొచ్చు. పడమటికి తొక్కితే సైదాపురం మెట్ట, మైకా గనుల దిబ్బలు, ఇంకా లోపలికి పోతే రాపూరు, వెలికొండల ఒడిలో పెంచలకోన. తూర్పుకు తొక్కితే కోట, వాకాడు, స్వర్ణముఖి ఒడ్డు, సరుగుడు తోపులు, ఇసక డొంకలు, చివర తూపిలిపాళెం సముద్రం. ఒక ఆదివారం కొండ దిక్కుకు, మరో ఆదివారం సముద్రం దిక్కుకు సైకిల్ మీదే పోగలిగిన ఊళ్లు మన తీరంలో ఎక్కువ లేవు. అయినా మన దగ్గర సైకిల్ సరదా ఉన్నవాళ్లలో చాలామంది జాతీయ రహదారి అంచున, లారీల గాలికి ఊగుతూ తొక్కుతున్నారు. వాళ్లను మట్టిదారి పట్టించాలని ఈ అధ్యాయం రాస్తున్నాను.

మట్టిదారి సైకిల్ లోకానికి కొత్తేమీ కాదు. ఇంగ్లండులో 1955లోనే కొందరు రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం పెట్టుకున్నారు. చెట్టుచేమ తక్కువగా ఉండే అక్కడి ఎత్తు బయళ్ల మీద, గొర్రెలు నడిచిన బాటల్లో మామూలు సైకిళ్లు తొక్కుతూ, తొక్కలేని చోట భుజాన మోస్తూ తిరిగారు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 2006లో మొదలైన 200 మైళ్ల గ్రావెల్ (కంకర మట్టిదారి) పందానికి ఇప్పుడు లోకమంతా పేరుంది. అది జరిగే ఫ్లింట్ హిల్స్‌లో చెకుముకిరాయి టైర్లను కత్తిలా కోస్తుందంటారు. సైదాపురం పక్క తెల్లరాయి మీద ఒక్కసారి తొక్కినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

సలహాలిచ్చే పుస్తకాల్లో లక్ష్యం పెట్టుకోమని, చేరేదాకా వదలొద్దని రాస్తారు. పరీక్షలకో వ్యాపారానికో అది పనికొస్తే రావచ్చు. మట్టిదారికి నేనిచ్చే సలహా దానికి ఎదురు పోతుంది. ఎక్కడికి చేరాలో ఖాయం చేసుకోవద్దు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఖాయం చేసుకోండి. ఆ వేళకు ఎక్కడుంటే అక్కడ, సముద్రం హోరు వినిపిస్తున్నా సరే, హ్యాండిల్ తిప్పేయండి.

ఎందుకంటే మట్టిదారిలో దూరానికి విలువ లేదు. తారు మీద గంటకు 20 కిలోమీటర్లు తొక్కే మనిషి గట్టి గ్రావెల్ మీద 13, 14 తొక్కుతాడు. మెత్తటి ఇసక వస్తే సైకిల్ దిగి నెట్టుకుంటూ నడవాల్సిందే, అప్పుడు నాలుగు కూడా కష్టం. మ్యాపులో పది కిలోమీటర్లని కనబడిన డొంక ముక్కాలు గంట తీసుకోవచ్చు, రెండు గంటలూ తీసుకోవచ్చు. చేరాల్సిన చోటును నెత్తిన పెట్టుకున్నవాడు "ఇంకాస్తే కదా" అనుకుంటూ ఎండలోకి, చీకట్లోకి పోతాడు. వేళను పెట్టుకున్నవాడికి ఆ బేరం ఉండదు.

లెక్క ఇలా వేసుకోండి. ఇంటి నుంచి ఇంటికి మీకున్న మొత్తం సమయాన్ని ఐదు భాగాలు చేయండి. రెండు భాగాలు పోవడానికి, మూడు రావడానికి. తెల్లవారుజామున 5.30కి బయల్దేరి 10.30కల్లా ఇంట్లో ఉండాలంటే 7.30కి తిరగాలి. సగానికి సగం ఎందుకు కాదంటే, ఒళ్లు అలిసేది, నీళ్లు అయిపోయేది, ఎండ ముదిరేది అన్నీ వచ్చేటప్పుడే. ముల్లు పోయేటప్పుడు గుచ్చుకున్నా, గాలి దిగిన సంగతి తెలిసేది సాధారణంగా తిరుగుదారిలోనే.

ఇది మామూలు లెక్క. గూడూరులో దీన్ని గాలిని బట్టి కాస్త సవరించుకోవాలి. మన తీరంలో పొద్దెక్కాక నేల వేడెక్కి సముద్రం మీది గాలి లోపలికి వీస్తుంది. పొద్దున సైదాపురం దిక్కుకు పోయినవాళ్లు మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటే తిరుగుదారంతా ఆ గాలికి ఎదురు తొక్కాలి. అందుకే పడమటి దారికి తిరుగు వేళ ముందుండాలి. తూర్పు దారికి, చలికాలంలో, కాస్త వెనక్కి జరపొచ్చు. పొద్దున్నే సముద్రానికి పోయి, తోపు నీడలో అన్నం తిని, గాలి మళ్లాక బయల్దేరితే అది వీపు మీద చెయ్యేసి కోట దాకా నెడుతుంది. ఏప్రిల్ నుంచి ఈ సౌకర్యం లేదు. పడమటి వడగాలి సముద్రపు గాలిని మధ్యాహ్నం దాటినా రానివ్వదు. రోహిణి కార్తెలో ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండలేకపోతే సైకిల్ బయటికి తీయొద్దు.

ఏ సైకిల్ కావాలి? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గ్రావెల్ బైకు కొనాలి, దానికి లక్ష దాటుతుంది, అది వచ్చాక చూద్దాం అంటూ ఏళ్లు గడిపేస్తారు. ఆ ఖరీదు సైకిళ్లకు వేసే టైరు వెడల్పు సాధారణంగా 40 మిల్లీమీటర్లు. మన తాతలు తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిలుంది చూడండి, దాని ఒకటిన్నర అంగుళం టైరు కూడా దాదాపు అంతే. మన ఊళ్లలో రోడ్లు పడకముందు పాలు, కూరగాయలు, బియ్యం మూటలు, పెళ్లిపిలుపులు ఆ టైర్ల మీదే డొంకలు దాటాయి. సముద్రం దిక్కు దారంతా చదును గనుక దానికి ఆ సైకిల్ చాలు, గేర్లు అక్కర్లేదు. కొండ దిక్కుకు మాత్రం గేర్లూ మంచి బ్రేకులూ కావాలి. రాడ్డు బ్రేకులతో వెలికొండ అంచు దారుల్లో దిగొద్దని గట్టిగా చెబుతున్నాను.

వయసు వచ్చాక సైకిలెక్కితే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు మరో అడ్డం. ఈ నెల్లూరు గడ్డ మీదే, అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీద పోయేవారు. బెరుకు పుట్టినప్పుడు ఆ పేరు తలుచుకోండి.

టైర్లలో గాలి సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. సైకిల్ షాపులో రాయిలాగా గట్టిగా కొట్టి పంపుతారు. తారు మీద అది బాగానే ఉంటుంది, గులకరాళ్ల మీద మాత్రం చక్రం ఎగిరెగిరి పడుతుంది, మణికట్లు వాచిపోతాయి. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైర్లో ముందు 35, వెనక 40 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ఇసక దారికి ఇంకో ఐదు తగ్గించండి. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ నడుమ ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. చిన్న చేతిపంపు, రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్ లేకుండా ఊరు దాటొద్దు.

మన శత్రువులు సీమతుమ్మ ముల్లు, పల్లేరుకాయ. మొదటిది కంచెల పక్క, కాలువ గట్ల మీద. రెండోది వానలు వెనకబట్టి నేల ఆరాక, డొంకల్లో, బీడు అంచుల్లో. పంక్చరైతే ట్యూబు మార్చి గాలి కొట్టేసి బయల్దేరకండి. టైరు లోపలంతా గుడ్డ చుట్టిన వేలితో తడమండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోయి కొత్త ట్యూబును కూడా అదే చోట పొడుస్తుంది. పల్లేరుకాయ ఒకటి గుచ్చుకుంటే ఇంకో మూడు ఉన్నాయనే లెక్కతో వెతకాలి.

ఇప్పుడు దారులు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సైదాపురం మెట్ట, అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

గూడూరు దాటి పడమటికి పోతుంటే మొదట నిమ్మతోటలు వస్తాయి. తోటల మధ్య డొంకలు గట్టిగా ఉంటాయి, పూతకాలంలో వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు మొదటి నెలంతా ఈ డొంకల్లోనే తిరగాలి. చక్రం జారినప్పుడు ముందు బ్రేకు పట్టకుండా ఉండడం, మలుపుకు ముందే వేగం తగ్గించడం, ట్రాక్టరు గాడి వచ్చినప్పుడు నడిమి గట్టు మీద నిలబడడం ఇక్కడే అలవాటవుతాయి. చూపు చక్రం ముందు పెట్టకుండా పది గజాల అవతల పెట్టండి. రాయిని చూస్తూ తొక్కితే సైకిల్ రాయి మీదికే పోతుంది, ఖాళీని చూస్తూ తొక్కండి.

సైదాపురం దగ్గరయ్యేకొద్దీ నేల తీరు మారుతుంది. ఎర్రటి గరపనేల, తంగేడు, బలుసు, రేగు పొదలు, అక్కడక్కడా ఈత, తాటి. చెట్టు నీడ తక్కువ, ఆకాశం ఎక్కువ. దారి పొడవునా కాకిబంగారం తళుకు. 19వ శతాబ్దం చివరి నుంచి ఈ పక్క మైకా తవ్వారు. కరెంటు పరికరాల్లో ఇన్సులేషన్‌కు వాడే మైకాకు నెల్లూరు పేరు విదేశాల దాకా పోయింది. గిరాకీ పడిపోయాక చాలా గనులు మూతపడ్డాయి. వాటి దిబ్బలు, గుంతలు, లారీలు తిరిగిన బాటలు మిగిలాయి. ఆ బాటలే ఇప్పుడు మనకు దారులు.

అందంతో పాటు ప్రమాదమూ ఉందిక్కడ. పాత గనిగుంతల్లో నీళ్లు నిలిచి పైకి చెరువులా కనిపిస్తాయి. అంచు మాత్రం నిట్టనిలువు, మట్టి వదులు. పొదలు కమ్మిన గుంత దగ్గరికి పోయేదాకా కనబడదు. దిబ్బల మధ్యకు బాట లేకుండా దూరొద్దు, ఫొటో కోసం అంచుకు పోవద్దు, ఆ నీళ్లలో దిగనే వద్దు. తవ్వకాలు నడుస్తున్న చోట టిప్పర్లు తిరుగుతాయి, ఆ బాటలు మనవి కావు. తెల్లరాయి ముక్కలు పరుచుకున్న చోట కూర్చోకుండా పెడళ్ల మీద లేచి నిలబడి, మోకాళ్లు సడలించి నెమ్మదిగా దాటండి. బరువు చక్రాల మీద సమంగా పడితే టైరు కోసుకుపోవడం తగ్గుతుంది.

ఇలాంటి మెట్టను బీడనీ పనికిరాని నేల అనీ కొట్టిపారేస్తారు. నేనొప్పుకోను. లోకం నుంచే మాయమైందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది వెలికొండలకు అవతల, కడప జిల్లాలోని ఇలాంటి ముళ్లపొదల నేలలోనే. దాన్ని పట్టిచ్చింది స్థానికులే. ఆ పక్షి ఇంగ్లీషు పేరులో ఉన్న జెర్డాన్ 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఇక్కడి జీవాల పేర్లు, వాటి నడతలు యానాదుల దగ్గర అడిగి తెలుసుకున్నాడు. అంతటి శాస్త్రవేత్త అడిగి తెలుసుకున్న నేల మీద మనం ఫోన్లో గీత చూసుకుంటూ పోవడం నాకు నచ్చదు.

దారి అడగడమూ నేర్చుకోవలసిన పనే. "ఈ దారి ఎక్కడికి పోతుంది?" అని అడిగితే "నేరుగా పో నాయనా, వస్తాది" అనే జవాబే ఎక్కువ వస్తుంది. ఇలా అడగండి: "అన్నా, ఈ డొంకన మోటారుసైకిల్ పోతాదా?" పోతుందంటే సైకిల్ కూడా పోతుంది. "ట్రాక్టరైతే పోతాది" అన్నారంటే లోతు గాడులకు సిద్ధపడండి. "పోతాది గానీ ఇసకలో దిగబడతాది" అంటే తిరుగు వేళ ఇంకో అరగంట ముందుకు జరిగిందన్న మాట. ఆవులు మేపే తాతను, కట్టెలు తెచ్చుకునే అవ్వను, పాలబండి అబ్బాయిని అడగండి. ఆ బాట నిన్న ఎలా ఉందో వాళ్లకు తెలుసు. అడిగేటప్పుడు సైకిల్ దిగి నిలబడి అడగాలి. కళ్లద్దాలు తీసేయాలి.

రాపూరు దాటి పెంచలకోన దిక్కుకు పోవడం ఒక పూట పని కాదు. గూడూరు నుంచి సైకిల్ మీదే పోదలచినవాళ్లు కోన దగ్గర రాత్రి ఆగి మర్నాడు తిరగాలి. లేదంటే సైకిల్‌ను బండిమీద రాపూరు దాకా తెచ్చుకుని అక్కడ మొదలుపెట్టాలి. కొండ దగ్గరయ్యాక గాలి చల్లబడుతుంది, చెట్టు పెరుగుతుంది, వాగుల మీద చప్టాలు వస్తాయి. ఈ కొండగోడను దాటడానికి రైలుకు చెర్లోపల్లి, రాపూరుల నడుమ 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వాల్సి వచ్చింది. 2019లో అది తెరిచారు. కోనలో నరసింహస్వామి గుడి, వెనక జలపాతాల కొండ. ఈ చుట్టుపక్కల అడవి 1997 నుంచి పెనుశిల నరసింహ అభయారణ్యం.

అభయారణ్యం గనుక మాట కచ్చితంగా చెబుతున్నాను. గుడికి పోయే రోడ్డు, ఊళ్ల మధ్య బాటలు వరకే మనవి. అడవిలోకి చీలే బాటల్లో అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టొద్దు. చిరుత, ఎలుగుబంటి ఉన్న అడవి ఇది. ఎర్రచందనం పెరిగే కొండలు కూడా ఇవే. దొంగరవాణా మీద నిఘా ఉంటుంది, చీకటి పడ్డాక అడవి బాటలో కనబడిన మనిషిని అనుమానించడం అటవీ సిబ్బంది ఉద్యోగం. ఈ దారిలో తిరుగు వేళ ఎండను బట్టి లెక్కించేది కాదు. పొద్దు కొండ వెనక్కి దిగకముందే ఊరు చేరేలా లెక్కించండి. పడమటికి కొండ ఉన్న చోట నీడ తొందరగా పడుతుంది. సాయంత్రం బాట మీద వెచ్చదనానికి రక్తపింజరి పడుకునే సమయమూ అదే.

రాపూరు పక్కనే కండలేరు జలాశయం. పది కిలోమీటర్లు దాటిన మట్టికట్ట, 68 టీఎంసీల నీళ్లు, చెన్నై తాగునీటికి పూండి దాకా పొడవాటి కాలువ. కట్ట మీద, కాలువ గట్టు మీద తొక్కాలని ఎవరికైనా మనసవుతుంది. నీటిపారుదల శాఖవాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే. లైనింగు వేసిన కాలువలో జారిపడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నేలపట్టు పక్షుల కేంద్రాన్ని కావాలనే ఇందులో చేర్చలేదు. గూడబాతుల కోసం తప్పక పోవాల్సిన చోటే గానీ, దానికి రహదారి మీద చాలాసేపు తొక్కాలి.

సముద్రం దిక్కుకు చిక్కంతా ఇసకే. చిల్లకూరు, కోట మండలాల్లో తెల్లటి సిలికా ఇసక ఉంది, దాని లారీలు తిరిగే రోడ్లను తప్పించండి. డొంకలో మెత్తటి ఇసక వచ్చినప్పుడు గేర్లుంటే ముందే తేలిక గేరులోకి మారి, బరువు వెనక్కి వేసి, హ్యాండిల్‌ను గట్టిగా బిగించకుండా ఆపకుండా తొక్కాలి. సరుగుడు తోపుల్లో రాలిన ఆకు మీద చక్రం బాగా పోతుంది, బాట అంచున ఆకు ఉన్న పక్కే పట్టండి. బకింగ్‌హామ్ కాలువ గట్టు మ్యాపులో ఊరిస్తుంది, చాలా చోట్ల సీమతుమ్మ మూసేసింది. రొయ్యల గుంటల గట్లు ఎవరో ఒకరి సొంతం, కాపలావాళ్లను అడగకుండా ఎక్కొద్దు. తూపిలిపాళెంలో ఆటు సమయంలో తడి ఇసక గట్టిగా ఉంటుంది, కాస్త దూరం తొక్కొచ్చు. పోటు సమయంలో వద్దు. దక్షిణంగా దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో అర్మగాం పేరుతో కోఠీ పెట్టుకున్న చోటది. 1639లో మద్రాసుకు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు ఇక్కడే పనిచేశాడు.

సముద్రం నుంచి వచ్చిన రోజే సైకిల్‌ను మంచినీళ్లతో కడిగి, చైను ఆరబెట్టి, నూనె వేయాలి. రేపు చేద్దామనుకుంటే రేపటికి తుప్పు పుడుతుంది.

మన వానలు ఈశాన్య రుతుపవనానివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మెట్ట వాగులు ఎప్పుడు పొంగుతాయో చెప్పలేం. 2015, 2021 నవంబరు వరదలు ఈ ప్రాంతం మరిచిపోలేదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతైనా దాటొద్దు, తిరుగు వేళ అప్పుడే వచ్చేసినట్టు లెక్క. వాన వెలిశాక ఎర్రనేల ఒకటి రెండు రోజుల్లో తొక్కనిస్తుంది. నల్లరేగడి ఐదారు రోజులైనా చక్రానికి చుట్టుకుని ఫోర్కులో ఇరుక్కుంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు మనకు అసలైన పంట.

నీళ్లు గంటకు ముక్కాలు లీటరు చొప్పున పట్టుకోండి. లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, గూడూరు నిమ్మకాయ ఒకటి పిండండి. రంగు పొడుల ప్యాకెట్లు కొనే పనిలేదు.

ఇక బయల్దేరే ముందు. తిరుగు వేళను, పోయే దిక్కును కాగితం మీద రాసి ఇంట్లో అమ్మకో నాన్నకో భార్యకో భర్తకో ఇచ్చి పోవాలి. తిరగగానే సిగ్నల్ దొరికిన మొదటి చోట "తిరిగాను" అని ఒక్క మాట పంపాలి. తిరుగు వేళ దాటి గంటైనా ఆ మాట రాకపోతే వాళ్లు మీకు ఫోన్ చేయాలి. మీరు తీయకపోతే మీ సైకిల్ నేస్తానికి చేయాలి. ఇంటికి చేరాల్సిన వేళ దాటి ఇంకో గంట గడిస్తే ఆ దిక్కు పోలీస్ స్టేషన్‌కు చేయాలి. ఈ మూడు నెంబర్లూ ఆ కాగితం కిందే రాసిపెట్టండి, ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు.